గుర్రం, జోరీగ, మన మడి

క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానంలో సోక్రటీసు తనను జోరీగతో పోల్చుకున్నాడని ప్లేటో రాశాడు. నగరమేమో బలిసి మందగించిన మేలుజాతి గుర్రమట. దాన్ని కుట్టి లేపడానికి దేవుడు తనను పంపాడట. ఆనాటినుంచీ పెద్దలందరూ జోరీగ పక్షానే మాట్లాడుతూ వచ్చారు. గుర్రానికి ఎలా ఉందో అడిగినవాళ్లు తక్కువ. నేనూ అడగలేదు, మూడేళ్ల క్రితం ఒహైయోలో మా ఊరి శివార్లలోని ఒక లాయంలో పార పట్టుకునేదాకా.

అది పని మానిన ముసలి గుర్రాల లాయం. శనివారాలు వెళ్లి సాయం చేస్తానని మా అమ్మాయి అంటే, కారు నడపడానికి నేను వెళ్లాను. పిల్లల కోసం మొదలుపెట్టి పెద్దలు ఇరుక్కుపోయే పనులు ఈ దేశంలో మన సభ్యులందరికీ అనుభవమే గనక వివరించను. జూన్ రాగానే ఈగలు దిగాయి. అన్నం మీద వాలే ఈగ ఒక్కటే అయితే బాధ లేదు. చూడటానికి అలాగే ఉండి, కాళ్లకు పట్టుకుని నెత్తురు పీల్చే లాయపు ఈగ వేరు. చర్మాన్ని కోసి, కారిన నెత్తురు నాకే జోరీగ వేరు. కంటి చెమ్మ కోసం రెప్పల చుట్టూ ముసిరేవి వేరు. గుర్రం ఏం చేయగలదు? ఈగ వాలినచోట చర్మం జలదరింపజేస్తుంది, తోక విసురుతుంది, కాలు నేలకేసి కొడుతుంది. ఎండవేళ రెండు గుర్రాలు ఒకదాని మొహం దగ్గర మరొకదాని తోక వచ్చేటట్టు నిలబడి ఒకదానికొకటి విసురుకుంటాయి. ఆపైన మనిషి కొట్టే మందే దిక్కు.

ఆ మందు కొనుక్కొచ్చే పని నాకు అప్పగించారు. దుకాణంలో ఒక అరనిండా పర్మెత్రిన్ సీసాలు, మీద హెచ్చరికలు, చిన్న అక్షరాలు. పక్క అరలో ఆకుపచ్చ చీటీలు, ఆకులూ పూలూ బొమ్మలు, ‘ప్రకృతి సహజం’ అన్న మాట. నేను ఆలోచించను కూడా లేదు. ఎండ్రిన్ డబ్బా పేరు చెబితే ఇల్లంతా నిశ్శబ్దమైపోయే పల్లెలో పెరిగినవాణ్ణి. పురుగులమందు అంటే మాకు పురుగులు చావడం గుర్తుకు రాదు, మనుషులు గుర్తుకొస్తారు. సిట్రొనెల్లా, పుదీనా, రోజ్‌మేరీ నూనెలు కలిపిన సీసా తెచ్చాను. లాయమంతా పూజగదిలా గుబాళించింది.

రోజీ అనే ముసలి ఆడగుర్రం ఉంది. రెండు వారాల్లో దాని పొట్టకింద దద్దుర్లు లేచి పుండ్లయ్యాయి. రోజంతా కాలు కొట్టి కొట్టి గిట్ట అంచు పగిలింది, నాడా వదులైంది. మేత దగ్గర నిలవలేక ఒళ్లు తగ్గింది. లాయం నడిపే ఆవిడ రెండుసార్లు అడిగింది, మందు మార్చుదామా అని. ఇంకో వారం చూద్దామన్నాను. ఆ వారం ఎందుకు అడిగానో నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది. గుర్రం కోసం కాదు. విషం కొనకూడదని నేను పెట్టుకున్న నియమం చెడకూడదని.

నాకు మా అమ్మమ్మ మడి గుర్తొచ్చింది. మడి కట్టుకున్నవాళ్లకు మొదటి ప్రశ్న మైల తాకిందా లేదా అన్నదే. అవస్థ పడేది మాత్రం ఆకలితో కూర్చున్న పిల్లలు, ఎండలో వాకిట్లో నిలబడ్డ పనిమనిషి. నా సీసా కూడా అటువంటిదే. నా చేతికి విషం అంటలేదు, నిజమే. ఈగలు రోజీని తిన్నాయి.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది. ఇలాంటి నూనెలు కొన్నింటిని అపాయం తక్కువన్న కారణంతో 1996లో ఇక్కడి ఫెడరల్ పర్యావరణ సంస్థ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయించింది. అంటే అవి పనిచేస్తాయో లేదో అమ్మకానికి ముందు ఆ సంస్థ పరిశీలించదు. పనిచేయవని కాదు. చేస్తాయి, కాసేపు. ఎండలో ఆ వాసన త్వరగా ఎగిరిపోతుంది. పొద్దున్నే కొట్టి ఆఫీసుకు వెళ్లిపోయినవాడికి సాయంత్రం దాకా గుర్రం సంగతి తెలియదు.

పైగా ప్రకృతి, విషం అన్న గీత కూడా నేను అనుకున్నచోట లేదు. పైరెత్రమ్ అనేది చామంతి జాతి పువ్వునుంచి తీసేది, పూర్తిగా సహజం. చేపలకూ తేనెటీగలకూ అది విషమే, కాకపోతే వెలుతురుకు త్వరగా విరిగిపోతుంది. ఆ పువ్వులోని పదార్థపు నమూనా మీదనే, ఎండకు నిలిచేలా ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మైకేల్ ఎలియట్ బృందం 1973లో పర్మెత్రిన్ తయారుచేసింది. దుకాణంలో నేను దేవుడూ దెయ్యమూ అనుకున్న రెండు అరల్లోని సరుకులు కొన్ని దగ్గరి చుట్టాలే. పొగాకు కషాయం మాత్రం సహజం కాదా? అసలు ఈగే సహజం.

అలాగని సహజం కోరేవాళ్లను వెక్కిరించేవారి పక్షాన నేను చేరను. రేచల్ కార్సన్ పుస్తకం 1962లో వస్తే, ఈ దేశంలో డీడీటీ వాడకం చాలావరకు ఆగింది 1972లో. ఆ పదేళ్లూ ‘శాస్త్రం’ పేరుతో సర్దిచెప్పినవాళ్లు తక్కువేమీ కాదు. భయానికి ఆధారం ఉంది. భయపడి కళ్లు మూసుకోవడమే నేను చేసిన తప్పు.

వేప సంగతేమిటని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. బూజు నివారణకు వేపనూనె వాడకం మీద ఇక్కడి కంపెనీ ఒకటి, వ్యవసాయ శాఖ కలిసి తీసుకున్న పేటెంటును యూరపు పేటెంటు కార్యాలయం 2000లో రద్దుచేసింది, 2005లో అప్పీలు కూడా కొట్టేసింది. గర్వించాం, బాగానే ఉంది. కాని వేప ముఖ్యంగా పురుగు పిల్లదశలో ఎదుగుదలను చెడగొడుతుంది. ఎగిరొచ్చి వాలిన జోరీగకు ఆ తీర్పు సంగతి తెలియదు.

రోజీకి పర్మెత్రిన్ రాశాం. రెండోరోజుకే తలవంచి మేత తింది. అప్పుడు మా అమ్మాయి, “నాన్నా, మరి పిల్లి?” అంది. లాయం పిల్లి గుర్రపు దుప్పట్ల మీదే పడుకుంటుంది. పిల్లి శరీరం పర్మెత్రిన్‌ను విరగ్గొట్టుకోలేదు, గట్టి మోతాదు తగిలితే ప్రాణమే పోతుంది. దొడ్డి చివర వాగులో చేపలున్నాయి. వీళ్లెవరూ నా లెక్కలో అంతవరకు లేరు. ఇప్పుడు ఈగలు విపరీతమైన రోజుల్లోనే, గుడ్డతో కాళ్లకూ పొట్టకూ రాసి, ఆరేదాకా పిల్లిని కొట్టులో పెడతాం. వాగు దగ్గర గుర్రాన్ని కడగం. నూనెల సీసా పారేయలేదు. మనిషి పక్కనే ఉండే సాయంత్రం గంటకు అదే వాడతాం.

వీటన్నిటికన్నా ముందు లద్దె. వెయ్యి పౌన్ల గుర్రం రోజుకు సుమారు 50 పౌన్ల లద్దె వేస్తుంది. వేసవిలో మామూలు ఈగ గుడ్డునుంచి రెక్కలదాకా పది రోజుల్లో తయారవుతుంది. ఆలోపల ఎత్తి దూరంగా వేస్తే సగం యుద్ధం సీసా లేకుండానే అయిపోతుంది. మొహానికి వలముసుగు, సాలలో పంకా ఉండనే ఉన్నాయి. చారల దుప్పటి కప్పిన గుర్రాల మీద ఈగలు తక్కువ వాలాయని 2019లో ఇంగ్లండులో చేసిన పరిశీలన ఒకటి అచ్చయింది. మా రోజీకి జీబ్రా దుప్పటి కప్పితే మిగతా గుర్రాలు రెండురోజులు దాని దరికి రాలేదు.

లద్దెలోని ఈగ ప్యూపాల్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలను కూడా తెప్పించాం. దాని పిల్ల ఈగను లోపలినుంచి తినేస్తుంది. ఇది నూటికి నూరుపాళ్లు సహజం. ఇంచుమించు ఇలాంటి కందిరీగలను చూసే, దయగల దేవుడు వీటిని కావాలని సృష్టించాడని నమ్మలేకపోతున్నానని 1860లో డార్విన్ ఒక స్నేహితుడికి రాశాడు. మా అమ్మాయి డార్విన్‌ను చదవలేదు. “మందుతో క్షణంలో చావడం కంటే ఇది దయ అంటావా నాన్నా?” అని అడిగింది. లద్దె బండి తోస్తూ ఆలోచిస్తానన్నాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆదివారం పొద్దున పార పట్టేవాళ్లు ఇద్దరు తక్కువ పడుతున్నారు. సంఘంలో ఎవరైనా వస్తామంటే బూట్లు మేమే ఇస్తాం.