దేహము, భావము, మతాభినివేశము

మతమనగా దేవునియందలి విశ్వాసమని లోకమున పెక్కుమంది తలంతురు. ఈ నిర్వచనమే సరియైనచో జైనము మతమే కాకపోవును. సృష్టికర్తను అంగీకరింపక, వరములిచ్చు ప్రభువును ఆశ్రయింపక నిలిచిన ధర్మమిది. ఫ్రాన్సు దేశపు సమాజశాస్త్రవేత్త దుర్ఖైము 1912లో మతస్వరూపమును గూర్చి గ్రంథము వెలువరించుచు, దేవుడు లేని మతములకు బౌద్ధజైనములనే ఉదాహరణముగా చూపెను. దేవుని స్థానమున ఆయన ‘పవిత్రము’ అను భావమును నిలిపెను. లోకులు కొన్నిటిని తాకరానివిగా, ప్రశ్నింపరానివిగా ఎంచుదురు. వానిని అట్లు ఎంచువారందరు ఒక సంఘమగుదురు. మతమునకు మూలమిదియే యని ఆయన సిద్ధాంతము.

ఈ దృష్టితో చూచినచో దేవుని పేరెత్తని వాదములును మతరూపము దాల్చవచ్చును. ఇటీవల పాశ్చాత్యదేశములందు, ముఖ్యముగా బ్రిటనునందు, లింగభావమును గూర్చి సాగుచున్న వివాదమున ఈ మాట తరచుగా వినవచ్చుచున్నది. ఒక పక్షమువారి మతము ఇది: ప్రతి మనిషికిని దేహమునకు వేరుగా అంతరంగమున ఒక లింగభావము కలదు, దేహము పురుషునిదైనను ఆ వ్యక్తి స్త్రీ కావచ్చును, ఈ విషయమున ఆ వ్యక్తి మాటయే ప్రమాణము. రెండవ పక్షమువారు లింగము దేహధర్మమనియు, అది మారునది కాదనియు, స్త్రీలకు ప్రత్యేకింపబడిన స్థలములు, హక్కులు ఆ దేహమును బట్టియే ఏర్పడినవనియు వాదింతురు. ‘కంటికి కనబడని ఆత్మవంటి దానిని నమ్ముమని నిర్బంధించుచు, నమ్మనివారిని వెలివేయుచున్నారు, ఇది మతము కాక మరేమి?’ అని వీరు వారిని అడుగుదురు. ‘దేహమును శాసనముగా చేసి కొలుచుచు, ఎదుటివాని బాధను చూడనొల్లని మీదే మతము’ అని వారు వీరికి బదులు చెప్పుదురు. ఇరువురి నోటను ‘మతము’ అనునది నిందావాక్యమే.

విచిత్రమేమనగా, ఆ దేశపు న్యాయస్థానములు ఆ మాటను నిందగా గాక రక్షణగా గ్రహించినవి. మతమునకు ఇచ్చు రక్షణను తాత్త్విక విశ్వాసమునకును అక్కడి చట్టము ఇచ్చుచున్నది. 2009లో ఒక ఉద్యోగి వ్యాజ్యమున, మానవుల చేతలవలననే భూతాపము పెరుగుచున్నదను దృఢవిశ్వాసమునకు సైతము ఈ రక్షణ వర్తింపగలదని తీర్పు వచ్చెను. ఆ విశ్వాసము మనఃపూర్వకమై యుండవలెను. పూటకొక విధముగా మారు అభిప్రాయము కారాదు. మానవజీవితమున గురుతరమైన అంశమునకు సంబంధించి యుండవలెను. ప్రజాస్వామ్యమున గౌరవింపదగినదై యుండవలెను. ఇట్టి లక్షణములు అప్పుడు నిర్ణయింపబడినవి. లింగము మారదని వ్రాసి, అందువలన పని కోల్పోయితినని మాయా ఫార్‌స్టేటర్ అను స్త్రీ వ్యాజ్యము తెచ్చినపుడు, ఆమె విశ్వాసము గౌరవింపదగినది కాదని 2019లో క్రింది న్యాయస్థానము పలికెను. 2021లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. ఆ విశ్వాసము సత్యమో అసత్యమో తాము తేల్చుట లేదనియు, దానిని కలిగియున్నంత మాత్రమున ఇతరులను వేధించు హక్కు ఎవరికిని రాదనియు ఆ తీర్పుననే చెప్పబడినది.

2025 ఏప్రిల్ 16న ఆ దేశపు సుప్రీంకోర్టు ఇంతకంటె సూటియైన ప్రశ్నపై తీర్పు చెప్పెను. 2010 నాటి సమానత్వ చట్టమున ‘స్త్రీ’ అను శబ్దమునకు అర్థమేమి? పుట్టుకతో వచ్చిన దేహమునుబట్టి స్త్రీయైన వ్యక్తియేనని ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా చెప్పిరి. ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు అదే చట్టమున వేరుగా ఉన్న రక్షణ తొలగలేదని కూడ స్పష్టపరచిరి.

‘స్త్రీ’ యనిన దేహమా, భావమా అను ఈ ప్రశ్న లండను న్యాయస్థానమునకు క్రొత్త కావచ్చును. జైనశాస్త్రములకు క్రొత్త కాదు. వేయి సంవత్సరములకు పూర్వమే కర్ణాటదేశమున ఈ ప్రశ్నపై గ్రంథములు వెలసినవి.

జైనసిద్ధాంతమున దేహలింగము వేరు, భావలింగము వేరు. దేహపు ఆకృతి నామకర్మమువలన కలుగును. అంతరంగప్రవృత్తి మోహనీయకర్మమునకు చెందిన ‘వేదము’ వలన కలుగును. స్త్రీవేదము, పురుషవేదము, నపుంసకవేదము అని ఇది మూడు విధములు. తొమ్మిది నోకషాయములలో ఈ మూడును చేరినవి. శ్రవణబెళగొళమున గోమటేశ్వర విగ్రహమును నిలిపిన చాముండరాయని సమకాలికుడగు నేమిచంద్రాచార్యుడు తన గోమ్మటసారమున, ఈ రెండును ప్రాయికముగా ఒకటిగనే యుండునని చెప్పి, ఒక్కొక్కచో విషమముగా నుండుటయు కలదని అంగీకరించెను. పురుషదేహమున స్త్రీవేదము, స్త్రీదేహమున పురుషవేదము ఉండవచ్చునని దీని తాత్పర్యము. వేదమనగా ప్రధానముగా కామప్రవృత్తియే గనుక, నేటివారు చెప్పు లింగభావముతో అది పూర్తిగా ఏకము కాదు. ఐనను దేహము చెప్పునదే సర్వము కాదని గుర్తించిన శాస్త్రమిది.

ఈ భేదము స్త్రీముక్తి వివాదమున పనికివచ్చినది. షట్ఖండాగమమున ‘మనుషిణి’కి సంయమము మొదలగు ఉన్నతస్థానములు చెప్పబడినవి. స్త్రీదేహముతో మోక్షము లేదను దిగంబరులకు ఇది చిక్కుప్రశ్న యయ్యెను. అచ్చటి స్త్రీ భావస్త్రీయే యని, అనగా పురుషదేహమున స్త్రీవేదము కల వ్యక్తియే యని వీరసేనాచార్యుడు ధవళాటీకయందు సమాధానపరచెను. యాపనీయ సంఘమునకు చెందిన శాకటాయనుడు దీనిని ఒప్పుకొనలేదు. ఆయన రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమువాడు, వ్యాకరణకర్త. శబ్దమునకు లోకమున ప్రసిద్ధమైన ముఖ్యార్థము కుదురుచుండగా దానిని విడిచి మరియొక అర్థము కల్పించుట ఏల అని ఆయన స్త్రీముక్తిప్రకరణమున ప్రశ్నించెను. స్త్రీ ఏడవ నరకమునకు పోజాలదు గనుక మోక్షమునకును పోజాలదను యుక్తిని కూడ ఆయన ఖండించెను. అంత లోతునకు పడలేకపోవుటకును, అంత ఎత్తునకు ఎక్కలేకపోవుటకును నియతసంబంధము లేదని చూపెను. 11వ శతాబ్దిలో ప్రభాచంద్రుడు దిగంబరపక్షమున నిలిచి, న్యాయకుముదచంద్రమున ఈ వాదమును పూర్వపక్షముగా విపులముగా చెప్పి ఆ పిమ్మటనే ఖండించెను.

ఈ యాపనీయులు ఆంధ్రులకు పరాయివారు కారు. 10వ శతాబ్దిలో తూర్పుచాళుక్యరాజు రెండవ అమ్మరాజు వేయించిన మలియపూండి శాసనమున వీరి సంఘము పేర్కొనబడినది. దిగంబరులవలె నగ్నవ్రతము పాటించుచు, శ్వేతాంబరులవలె స్త్రీముక్తిని అంగీకరించిన మధ్యమార్గులు వారు. ఒక పక్షమున చేరినవాడు ఆ పక్షపు మాటలన్నిటిని మారు పలుకక మ్రింగవలసిన పని లేదనుటకు వారే నిదర్శనము. నేటి వివాదమున అట్టివారికి చోటు కరవగుచున్నది.

ఐనను ఈ పురాతనవాదమున లోపము లేదని చెప్పరాదు. స్త్రీముక్తిని గూర్చి నేడు లభించుచున్న వాదగ్రంథములన్నియు పురుషులైన మునులు వ్రాసినవే. ఎవరి మోక్షమును గూర్చి తర్కము సాగినదో ఆ ఆర్యికల గ్రంథము ఒక్కటియు వానిలో కానరాదు. పంతొమ్మిదవ తీర్థంకరుని శ్వేతాంబరులు మల్లీ అను స్త్రీగా ఆరాధింతురు. అయినను నూరేండ్లు దీక్షలో గడపిన సాధ్వి ఆనాడే దీక్షగొన్న సాధువునకు వందనము చేయవలెనను నియమము వారి సంప్రదాయమునందును నిలిచియే యున్నది. వాదమున గెలిచిన మాట జీవితమున గెలువకపోవచ్చును.

హైదరాబాదు రాజ్యమున 1919లో నపుంసకుల చట్టము పుట్టినది. వారి పేర్లు దాఖలా చేయుటకును, స్త్రీవేషమున వీధిలో కనబడినను ఆడిపాడినను వారంటు లేకయే పట్టుకొనుటకును అది వీలు కల్పించెను. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేసినది 2023లో మాత్రమే. నూరేండ్లకు పైగా కొందరు మనుష్యులు పుట్టుకచేతనే అనుమానితులుగా చట్టమున నిలిచిరి. 2014 ఏప్రిల్ 15న భారత సుప్రీంకోర్టు తృతీయలింగమును గుర్తించుచు, లింగభావమును ఆ వ్యక్తియే నిర్ణయించుకొనవచ్చునని చెప్పినపుడు, అది తర్కవిజయము మాత్రమే కాదు. రేషను కార్డు, చదువు, ఆసుపత్రి మంచము మొదలగువానికి సంబంధించిన మాట. అట్లే జైలునందో, ఆశ్రయగృహమునందో పురుషదేహము కల వ్యక్తితో గది పంచుకొనవలసిన స్త్రీ భయపడినచో, ఆ భయమును మూఢత్వమని త్రోసివేయుటయు న్యాయము కాదు. ఉభయుల బాధయు బాధయే.

కావున ‘అది మతము’ అనుట ఏ వాదమునకును ఖండనము కానేరదు. విచారింపవలసినది, ఆ విశ్వాసము ఏ విధముగా పట్టుకొనబడినదను విషయము. జైనులు మిథ్యాత్వమును ఐదు విధములుగా విభజించిరి. ఒకే కోణమును పట్టుకొని మిగిలినదెల్ల లేదనునది ఏకాంతము. అన్ని మతములును సమానముగా సత్యమేనని అందరికిని తలయూపునది వైనయికము. ఈ రెండును మిథ్యాత్వములే. అనేకాంతమనగా ఎవరిని నొప్పింపక ఊరకుండుట కాదని దీనివలన తెలియుచున్నది. ఏ దృష్టితో ఏది సత్యమో విడదీసి చెప్పవలెను. వైద్యుడు మోతాదు నిర్ణయించునపుడు దేహము ముఖ్యము. మనిషిని మర్యాదగా పిలుచునపుడు ఆ మనిషి మాట ముఖ్యము. ఆటపోటీలకో జైలుగదికో నియమము చేయునపుడు ఉభయులను విని తూచవలెను.

అన్నిటికంటె గంభీరమైన విషయము మరియొకటి కలదు. నామకర్మమువలన వచ్చిన దేహలింగము ఆత్మ కాదు. మోహనీయమువలన వచ్చిన వేదమును ఆత్మ కాదు. తొమ్మిదవ గుణస్థానమున వేదము నశించునని ఉభయసంప్రదాయములును చెప్పుచున్నవి. అంతరంగభావమే అసలైన స్వరూపమనువారికిని, దేహమే సర్వస్వమనువారికిని ఈ శాస్త్రము పూర్తిగా వత్తాసు పలుకదు. రెండును కర్మఫలములే యైనపుడు, ఏ ఒక్కదానిని పవిత్రమని నిలిపి దానికొరకు మరియొక జీవుని గాయపరచుటకు అధికారమెవరికి కలదు?

ఎదుటిపక్షపు వాదమును, ఆ పక్షమువారే ‘ఔను, మా మాట ఇదియే’ అని ఒప్పుకొనునట్లు చెప్పగలుగుట పూర్వపు పండితులు తమకు విధించుకొన్న నియమము. ప్రభాచంద్రుడు శాకటాయనునితో ఏకీభవింపలేదు. కాని ఆయన మాటను వికృతము చేయక తన గ్రంథమున చోటిచ్చెను. నేడు ఈ వివాదమున దిగువారు ఆ నియమమును పాటించుటయే గాక, ఆనాటి మునులు చేయని పనిని కూడ చేయవలెను. ఎవరిని గూర్చి మాటాడుచున్నారో వారిని చెంత కూర్చుండబెట్టుకొని వారి మాట వినవలెను. అందుకు సిద్ధపడిన విశ్వాసము దర్శనమనిపించుకొనును; సిద్ధపడనిది, దేవుడున్నను లేకున్నను, అభినివేశమే యగును.