సెలోపెహాదు కుమార్తెలు
(సంఖ్యాకాండము 27:1-11)



తండ్రి మరణించెను, కుమారులు లేరు. అయిదుగురు కుమార్తెలు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యము అడిగిరి. వారు అడిగినది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పెను.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు తండాలలో తాతలు పొదలు కొట్టి సాగుచేసిన పోడు చేలున్నవి. కాగితము లేక మనుమలు తమ చేనిలోనే దొంగలవలె భయపడుచు దున్నిరి. 2006 నాటి అటవీ హక్కుల చట్టమునుబట్టి 2023 జూన్ 30న మన రాష్ట్రములో పోడు పట్టాల పంపిణీ మరల ఆరంభమాయెను. ఆ భూమిని అమ్మరాదు. అది పిల్లలకు సంక్రమించును. పట్టా భార్యాభర్తలిద్దరి పేరనుండవలెను. భూమి దేవునిదే గనుక శాశ్వత విక్రయము కూడదని లేవీకాండము 25వ అధ్యాయమును నేర్పుచున్నది గదా!

ఒక యింట మేము పట్టా చదువుచుండగా ఆ తల్లి, "ఇందులో నా పేరు సుత ఉన్నదా, అయ్యగారూ?" అనెను. ఉన్నది. ఏండ్ల తరబడి ఆ చేనిలో కలుపు తీసిన ఆమెకు ఎవరును చెప్పలేదు!

సహోదరులారా, ఈ వారమే మీ పట్టాను ఇల్లాలికిని పిల్లలకును చదివి వినిపించుడి. దానిని అప్పునకు కుదువ పెట్టకుడి. పట్టా రాని పొరుగువానికి అర్జీ వ్రాయుటలో తోడుపడుడి. మోషే ఆ కుమార్తెల వ్యాజ్యమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. మనమును ఆలాగు చేయుదము. ఆమేన్.