పిట్టగోడ లేని మేలు

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 10:30–35



క్రొత్త ఇల్లు కట్టుకొనువాడు దాని పైకప్పుచుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ యున్నది. ఆ దేశపు ఇండ్ల పైకప్పులు చదునైనవి. జనులు సాయంకాలము అక్కడ కూర్చుండువారు, పంటను ఆరబెట్టుకొనువారు, అతిథిని పడుకొనబెట్టువారు. అక్కడనుండి ఎవడైన పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటివాని తలమీదికి వచ్చునని ఆ ఆజ్ఞయొక్క భావము. ఇంటివాడు ఎవనిని త్రోయలేదు. ప్రేమతోనే పైకి రమ్మని పిలిచియుండును. అయినను అంచున గోడ లేనందుకు అతడే లెక్క చెప్పవలసియుండెను.

ఇది మనలను ఒక కష్టమైన ప్రశ్నయొద్దకు తెచ్చుచున్నది. మేలు చేయవలెనని చేసిన పనివలన పొరుగువానికి కీడు కలిగినయెడల, మన మంచి మనస్సు మనలను నిర్దోషులనుగా చేయునా?

నిజామాబాదు, బోధను ప్రాంతపు పల్లెలలో నున్న మనకు ఈ ప్రశ్న మోటారు సైకిలు రూపములో ఎదురగుచున్నది. ఒకప్పుడు ఎడ్లబండియు సైకిలును మోసిన భారమంతయు నేడు దానిమీద పడినది. యూరియా బస్తా దానిమీదనే, పాలక్యాను దానిమీదనే, ఆదివారము ఆలుబిడ్డలతో మందిరమునకు వచ్చుట దానిమీదనే. ఇట్టి బండ్లను అందరును కలిసి బాగుచేసికొందమని మా సంఘములోని యౌవనస్థులు కొందరు తలంచిరి. ఒకరి ఇంటి షెడ్డులో ఒక శనివారము కూడుదము, ఎవరి పానాలు వారు తెచ్చుకొందము, తెలిసినవాడు తెలియనివానికి చూపునని వారు చెప్పిరి. వినుటకు ఇది ఎంత మంచి తలంపు! అయినను పెద్దలలో కొందరు వెంటనే ఔనని చెప్పలేకపోయిరి. ఆ సందేహములో నున్న సత్యమును మనము పరీక్షింతము.

మొదట ఆ తలంపులోని మేలును ఒప్పుకొందము. ఇశ్రాయేలు దేశమంతటను ఒక కమ్మరియైనను లేని కాలమొకటి యుండెనని సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయము తెలుపుచున్నది. నాగటి నక్కును గొడ్డలిని పదును పెట్టించుకొనుటకు వారు తమ శత్రువులయొద్దకు పోయి రుసుము చెల్లించిరి. తన పనిముట్టును తాను చూచుకొనలేని జనము ఇతరుల చేతిక్రింద నుండునని దీనివలన నేర్చుకొనుచున్నాము.

ఈ సంగతి మన ప్రాంతమునకు క్రొత్త గాదు. బోధనులోని శక్కర్‌నగరులో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము అనేకులకు అన్నము పెట్టెను. చక్కెర మిల్లులో చెరుకు ఆడు కాలము కొన్ని నెలలే. ఆట ముగిసినతరువాత రోలర్లను విప్పుదురు, బాయిలరు గొట్టములను శుభ్రపరతురు, అరిగిన బేరింగులను మార్చుదురు. ఆట లేని నెలలలో చేసిన ఆ మరమ్మతుమీదనే రాబోవు ఆట ఆధారపడియుండును. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడెను. గాని విరుగకముందే చూచుకొనుట అను దాని పాఠము మన ఇండ్లలో మూతబడనక్కర లేదు. ఇంజను ఆయిలును వేళకు మార్చుట, గాలిజల్లెడలోని దుమ్ము దులుపుట, టైర్లలో గాలి చూచుట, ఇండికేటరు బల్బు మార్చుట ఎవడైనను నేర్చుకొనదగిన పనులు. వీటిని తమ్మునికి నేర్పిన అన్న అతనికి ఒక దినపు సహాయముకంటె ఎక్కువ ఇచ్చుచున్నాడు.

ఇప్పుడు సందేహమును విందము. మా సంఘములో బండ్లు బాగుచేసి బ్రదుకు సహోదరుడొకడు ఉన్నాడు. యౌవనస్థుల మాట విని అతడు ఇట్లు చెప్పెను: "అన్నా, బండ్లు కడుగుండ్రి, ఆయిల్ మార్చుండ్రి, నాకేం బాధ లేదు. బ్రేకు జోలికి పోతే మాత్రం నన్ను పిలువుండ్రి. అది చూస్తే అల్కగ కనవడ్తది గని, పాణం దానిమీదనే ఉంటది."

ఈ మాట ఎంత నిజమో గొలుసు పనిని చూచినయెడల తెలియును. వదులైన గొలుసును బిగించుట చిన్న పనియని అందరును అనుకొందురు. వెనుక చక్రపు ఇరుసు నట్టును వదులు చేసి, రెండు ప్రక్కల నున్న చిన్న నట్లను త్రిప్పి, చక్రమును కొంచెము వెనుకకు లాగుదురు. గాని వెనుక డ్రమ్ము బ్రేకు గల బండ్లలో బ్రేకు కడ్డీ ఆ చక్రమునకే తగిలించియుండును. చక్రము వెనుకకు జరిగినప్పుడు కడ్డీ బిగియును. దానిని మరల సరిచేయనియెడల కాలు పెట్టకయే బ్రేకు పట్టుకొని డ్రమ్ము వేడెక్కును. రెండు ప్రక్కల గుర్తులు సమానముగా లేనియెడల చక్రము వంకరగా నిలుచును. ఇరుసు నట్టు చివర బిగింపనియెడల ఏమగునో చెప్పనక్కర లేదు. గొలుసుకు వేసిన నూనె బ్రేకు లోపలికి గాని డిస్కుమీదికి గాని చేరినయెడల ఆ బ్రేకు పట్టు తప్పును. కాబట్టి గొలుసును మాత్రమే ముట్టితినని చెప్పువాడు అబద్ధమాడుట లేదు. అయినను అతడు తనకు తెలియకయే చక్రమును బ్రేకును కూడ ముట్టెను.

ఇట్టి తప్పిదము షెడ్డులో కనబడదు. బండి స్టాండుమీద చక్కగా నిలుచును, అందరును చేతులు కడుగుకొని భోజనమునకు కూర్చుందురు. ఆ తరువాత ఏదో ఒక రాత్రి ఎడపల్లి దారిలో ఎదుటనుండి లారీ వచ్చినప్పుడు అది బయటపడును. మన దేశములో 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములమీద పోవుచున్నవారే. వీటన్నిటికి కారణము మరమ్మతు లోపము కాదు. హెల్మెటు లేక చనిపోయినవారే ఆ యేట 50,029 మంది. గాని బండిమీద పోవువానికిని మరణమునకును నడుమ ఎంత కొంచెము ఎడమున్నదో ఈ లెక్క చూపుచున్నది. అంత సన్నని అంచుమీద నిలిచినవాని నట్టును మనము త్రిప్పుచున్నాము.

అందువలన మొదటి ప్రశ్నకు మేము ఇట్లు జవాబు చెప్పుచున్నాము. మంచి మనస్సు నట్టును బిగింపదు. ప్రేమయున్నచోట జాగ్రత్త యుండనియెడల ఆ ప్రేమ ఇంకను సగములోనే యున్నది. పెద్ద యంత్రముల విషయములో లోకము ఈ సంగతిని ఎన్నడో గ్రహించెను. మన దేశములో 1923లో చేసిన బాయిలర్ల చట్టము ప్రకారము, పరీక్ష జరిగి ధ్రువపత్రము పొందని బాయిలరును నడుపకూడదని నియమముండెను. బాయిలరుకిచ్చిన ఆ పత్రము సాధారణముగా 12 నెలలకు మించి చెల్లకపోయెను. బాయిలరు నడుపువాడు మంచివాడా కాడా అని ఆ చట్టము అడుగలేదు. దానియొద్ద పనిచేయువారి ప్రాణము ఒకని మంచితనముమీద మాత్రమే ఆధారపడకూడదని దానియొక్క తలంపు. మోటారు సైకిలు చిన్నది. దానిమీద కూర్చుండు ప్రాణము చిన్నది కాదు.

అట్లయిన తలుపు మూసికొని ఊరకుందమా? పిట్టగోడ ఆజ్ఞ అట్లు చెప్పలేదు. పైకప్పుమీదికి ఎవనిని రానియ్యకుమని అది చెప్పక, గోడ కట్టి పిలువుమని చెప్పినది. షెడ్డు తెరచువాడు కూడ తన గోడ కట్టుకొనవలెను. అది ఇటుకలతో కట్టునది కాదు గనుక ఏ రాళ్లతో కట్టవలెనో చెప్పుదుము.

నేల చదునుగా నుండవలెను. తలుపులు మూసిన గదిలో ఇంజను ఆడింపరాదు, ఏలయనగా దాని పొగలో వాసన రంగు లేని విషవాయువు కలదు. పెట్రోలు విప్పినచోట బీడీ గాని అగ్గిపుల్ల గాని ఉండరాదు. ఇంజను తిరుగుచుండగా గొలుసును గుడ్డతో తుడువరాదు. అట్లు చేసి వ్రేళ్లు పోగొట్టుకొనుట సుళువు. పిల్లలు వేడుక చూడ వత్తురు గనుక వారిని కాచుటకు ఒకనిని నియమింపవలెను. ఏ పనియైనను ఇద్దరు సాక్షుల మాటమీద స్థిరపరచుట మంచిది. ఒకడు బిగించిన నట్టును రెండవవాడు పానా పెట్టి చూచి సుద్దముక్కతో గుర్తు పెట్టవలెను. బండిగలవాడు దానిని మెల్లగా నడిపి, రెండు బ్రేకులును పట్టి చూచినతరువాతనే ఇంటికి పోవలెను. బ్రేకుల పని, చక్రముల పని, దానితో కూడియున్న గొలుసు పని, తెలిసిన మెకానిక్కు చేతిలోనే పెట్టవలెను. మిగిలినవారు ప్రక్కన నిలిచి నేర్చుకొనవచ్చును.

తీసిన పాత ఆయిలు సంగతి మరువరాదు. దానిని నిజాంసాగరు కాలువలోనో చేని గట్టుమీదనో పోయుట సుళువు. గాని తాము త్రాగినతరువాత మిగిలిన నీళ్లను కాళ్లతో కలకచేసి ఇతర గొఱ్ఱెలకు విడిచిన బలమైన గొఱ్ఱెలను గూర్చి యెహెజ్కేలు 34వ అధ్యాయములో చదువుచున్నాము. ఆ కాలువ క్రిందను రైతులున్నారు. ఆయిలును డబ్బాలో పోసి, పాత ఆయిలు తీసికొనుటకు అనుమతి గలవారికి చేర్చవలెను.

షెడ్డు బయట కూడ మనకు పిట్టగోడలు అవసరము. కోతల కాలమున తారురోడ్డుమీద వడ్లు ఆరబోసి, అంచున బండరాళ్లు పెట్టి, రాత్రి నల్లని పట్టా కప్పుట మన ఊళ్లలో ఉన్నది. కల్లము చాలనందున రైతు ఆ పని చేయుచున్నాడని మేమెరుగుదుము. అతడు ఎవనికిని కీడు తలంచలేదు. అయినను చీకటిలో వచ్చువానికి ఆ రాయి కనబడదు. తన గింజను కాపాడిన రాయి పొరుగువాని కుమారుని పడద్రోసినయెడల, నేను కీడు తలంపలేదను మాట ఆ తల్లికి జవాబగునా? శనివారము బ్రేకు సరిచేసి ఇచ్చి, సోమవారము అదే బండి త్రోవలో రాయి పెట్టినయెడల మనము ఏమి చేసినవారమైతిమి?

ఇంకొక గోడ యున్నది. అది మెకానిక్కు కూలి. "మనోడే గద, సంఘం పనే గద" అని అతనిని దినమంతయు ఉచితముగా పనిచేయించుకొనుట మనకు అలవాటు. కూలివాని కూలిని సూర్యుడు అస్తమింపకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అతడు బీదవాడై దానిమీదనే ఆశ పెట్టుకొనియుండుటయే దానికి కారణము. మనము పదిమంది బండ్లను ఉచితముగా బాగుచేసినందున అతని ఇంట పొయ్యి వెలుగనియెడల, ఒకని జేబునుండి తీసి మరియొకనికి దానము చేసినవారమగుదుము. అతడు తానై ఇష్టముతో విడిచినయెడల అది అతని కానుక. విడువుమని అడుగుట మనకు తగదు. కాబట్టి బండికింత అని అందరును వేసికొని, ఆ సాయంకాలమే అతని చేతిలో పెట్టుడి. ఇయ్యలేని విధవరాలి బండికి మిగిలినవారు ఇయ్యుడి.

"ఇంత భయపడువాడు ఎన్నడైనను ఒక మేలు చేయగలడా?" అని మా యౌవనస్థులలో ఒకడు అడిగెను. మంచి ప్రశ్న. గాయములు లెక్కపెట్టుచు నిలిచినవాడు ఎవనికిని పనికిరాడు. లేవీయుడును యాజకుడును త్రోవకు ఆ ప్రక్కగా పోయిరి. వారికి కూడ జాగ్రత్తయే కారణమై యుండవచ్చును. గాని ఆ సమరయుడు ఏమి చేసెనో క్రమముగా చూడుడి. తనకు చేతనైనంత మట్టుకు తానే చేసెను. గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. తరువాత ఆ మనుష్యుని తన పశువుమీద ఎక్కించుకొని పూటకూళ్లవాని యింటికి చేర్చి, ఆ రాత్రి అతనిని కనిపెట్టుకొనియుండెను. తాను ఇక నిలువలేని మరునాడు పరామర్శను పూటకూళ్లవానికి అప్పగించి, ఊరక అప్పగింపక రెండు దేనారములు ఇచ్చెను. ఎక్కువ ఖర్చయినయెడల తిరిగి వచ్చినప్పుడు తీర్తునని మాట ఇచ్చెను.

చేతనైనది చేయుట, చేతకానిదానిని తెలిసినవానికి అప్పగించుట, అప్పగించినవానికి కూలి ఇచ్చుట, తిరిగి వచ్చి చూచుట. ఈ నాలుగును కలిసినప్పుడే అతని ప్రేమ పూర్తియాయెను. చేయి జాపుటకు ధైర్యము కావలెను. చేయి ఎక్కడ ఆపవలెనో తెలిసికొనుటకు దీనమనస్సు కావలెను. నాకు ఈ పని తెలియదని పదిమంది యెదుట చెప్పుట యౌవనస్థునికి కష్టమే. గాని ఆ ఒక్క మాట ఒక ప్రాణమును కాపాడవచ్చును.

కాబట్టి, ప్రియులారా, షెడ్డులు తెరువుడి. పానాలు తెచ్చుకొనుడి, చిన్నవారికి నేర్పుడి, మెకానిక్కును పిలిచి కూలి ఇయ్యుడి. వచ్చు ఆదివారము మందిరపు వాకిట ఆ బండిగలవానిని ఆపి, "తమ్మీ, బ్రేకు ఎట్ల పడుతుంది?" అని అడుగుడి. అతని జవాబు విన్నతరువాతనే శనివారపు పని ముగిసినదని ఎంచుకొనుడి.