తుప్పు చెప్పే సాక్ష్యం

పాత వస్తువు చేతికి వచ్చినప్పుడు మనం రెండు ప్రశ్నలు వేస్తాం. ఇది అసలుదేనా? దీని విలువ ఎంత? ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలని సాధారణంగా అనుకుంటాం. నిదానించి చూస్తే అలా కాదు. మొదటిది జరిగినదానికి సంబంధించినది. రెండవది మనం కోరుకునేదానికి సంబంధించినది. కోరిక ముందు నడిచి సత్యాన్ని వెంటబెట్టుకుపోవడం మొదలైతే, ఎంతటి చదువుకున్నవారికైనా చూపు మసకబారుతుంది.

పుంగ్గోల్‌లో నెలకోసారి కలుసుకునే మా కొద్ది కుటుంబాల మధ్య ఈ చర్చ ఇటీవల వచ్చింది. మాలో ఒకరి స్వగ్రామం విశాఖ మన్యానికి దిగువన ఉంది. అక్కడి పాత ఇల్లు అమ్మకానికి పెట్టారు. నడవాలో గోడకు ఒక తుపాకీ వేలాడుతూ ఉండేది. అల్లూరి సీతారామరాజు దళం వారు పోలీసు స్టేషను నుంచి తెచ్చి, పోతూ పోతూ ఆ ఇంట వదిలివెళ్ళారని తాతగారు చెప్పేవారట. పాత సామాను కొనే వ్యాపారి ఒకాయన వచ్చి, ఆ సంగతి కాగితం మీద రాసి ఇంటి పెద్దలు సంతకాలు చేస్తే ధర ఎన్నో రెట్లు పెరుగుతుందన్నాడు. రాయవచ్చునా? “మనం కల్పించింది కాదు కదా, తాతగారి మాటే కదా” అని మాలో కొందరు. “తాతగారి మాట సాక్ష్యమవుతుందా” అని మరికొందరు.

ముందు వస్తువు ఏమంటుందో వినాలి. చేతులు మారిన తుపాకీ తన కథను తన ఒంటిమీదే రాసుకుంటుంది. నిజమైన అరుగుదల అంతటా ఒక్క తీరున ఉండదు. చేయి పట్టేచోట, చెంప ఆనేచోట కొయ్య నున్నబడుతుంది. నిప్పు పాకే చిల్లి చుట్టూ ఇనుము తినేసి ఉంటుంది. ఆమ్లం పూసి పాతబరచిన దొంగ సరుకుకైతే ఒళ్ళంతా ఒకే రంగు తుప్పు. ముద్రల సంగతి ఇంకా ముఖ్యం. పాత ముద్ర అయితే తుప్పు గుంటలు అక్షరాలను కొరుక్కుంటూ పోతాయి. తుప్పు గుంటలమీద అక్షరం పదునుగా దిగి ఉంటే, ఆ అక్షరం తుప్పు తరువాత పుట్టిందన్నమాట. సరిహద్దు ప్రాంతపు దర్రా ఆదంఖేల్ పనివారు చేసిన నకళ్ళలో ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉండటం అందరూ ఎరిగినదే. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చేయించిన ‘ఇండియా పాటర్న్’ మస్కెట్టుకు గొట్టం 39 అంగుళాలు. 1808 వరకు దానిపై కంపెనీ ముద్ర హృదయాకారంలో ఉండేది. తరువాత కిరీటం పట్టిన సింహం వచ్చింది. కాబట్టి కొలబద్ద ఒకటీ, భూతద్దం ఒకటీ ఉంటే సగం తగాదా తీరుతుంది.

మన ఇళ్ళలో ఇంకొక చిక్కు ఉంది. ఏటా దసరాకు ఆయుధపూజ అని చింతపండూ ఇసుకా వేసి తోమేస్తాం. కొన్నిచోట్ల ఉప్పుకాగితం కూడా పెడతారు. భక్తితో చేసిన పనే అయినా, ముద్రలు పోయేది అలాగే. అయితే మరల గాడుల్లో ఇరుక్కుపోయిన కుంకుమ కూడా సాక్ష్యమే. ఆ ఇంట దానిని పూజించారన్నదానికి అది రుజువు. యుద్ధంలో వాడారన్నదానికి మాత్రం కాదు.

ఇక రాజుగారి సంగతి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లపై ఆయన దళం దాడి చేసింది. మొత్తం మీద 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకుపోయారు. అంతకంటె విశేషం, తాము ఏమేమి తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి ఆయన సంతకం చేసి మరీ వెళ్ళారు. ఆ రోజులకు పోలీసుల చేతుల్లో ఉన్నవి వెనుకనుంచి తూటా పెట్టి కాల్చేవి. ఫోటోలలో మేము చూసిన తుపాకీ ముందునుంచి మందు కూరి, కడ్డీతో దట్టించేది. కనుక అది స్టేషను నుంచి వచ్చినది కాదు. మన్యంలో వేటకు వాడిన నాటు తుపాకీ కావచ్చు. దళంలో ఎవరి చేతిలోనైనా ఉండి ఉండవచ్చు కూడా. కాని ‘ఉండి ఉండవచ్చు’ అన్నది ‘ఉంది’ అన్నదానికి బదులు రాదు. తాను తీసుకున్నదానికి పద్దు రాసి సంతకం పెట్టిన మనిషి పేరు చెప్పుకుని, మనం లేని పద్దు రాయడం ఎంత విడ్డూరం!

ఇంకొక మిత్రుడు ఇలా అడిగారు: “కొయ్య మార్చారు, మరలు మార్చారు, గొట్టం ఒక్కటే పాతది. అప్పుడు అసలు అన్నమాటకు అర్థమేమిటి?” మిళింద పన్హలో నాగసేనుడు రాజును రథం గురించి అడిగిన ప్రశ్న ఇదే. చక్రం రథమా, ఇరుసు రథమా? విడివిడిగా ఏదీ కాదు. అన్నీ కూడినప్పుడు మనం పెట్టుకునే పేరే రథం. సరే, పేరు మనం పెట్టేదే. అంతమాత్రాన ఏ పేరైనా పెట్టవచ్చునని కాదు. కొయ్య మారిందని చెప్పి అమ్మితే మరమ్మతు. చెప్పకుండా అమ్మితే మోసం. తేడా వస్తువులో లేదు, మన నోటిలో ఉంది.

సింగపూరుకు తెచ్చుకుందామన్న ఆలోచన మొదటే వదులుకోవలసినది. ఇక్కడ ఆయుధాల చట్టాలు ఎంత కఠినమో అందరికీ తెలుసు. అక్కడ 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువును సొంతంగా దేశం దాటించరాదు.

ఇంతకూ విలువ మాట. మేము సాయంత్రం షికారు వెళ్ళే పుంగ్గోల్ తీరంలోనే, 1942 ఫిబ్రవరి 28న జపాను సైన్యపు పోలీసులు మూడు నాలుగు వందల మంది చైనా పౌరులను కాల్చి చంపారు. దశాబ్దాల తరువాత కూడా ఆ ఇసుకలో ఎముకలు బయటపడ్డాయి. ఈనాడు అక్కడ ఒక ఫలకం ఉంది. ఆ రోజు పేలిన తుపాకుల్లో ఒకటి ఎక్కడైనా సంతకు వస్తే, ఎవరో దానికీ ధర కడతారు. ఆ ధర దేనికి? ఇనుముకా, ఆ రోజుకా? ఈ ప్రశ్న మన గోడమీది తుపాకీకీ వర్తిస్తుంది. దాని అసలు కథ వీరగాథే అయి ఉండాలని నియమం లేదు. శిస్తు కట్టలేని రైతును బెదిరించడానికి ఎత్తినదై ఉంటే? అప్పుడు కూడా కాగితం రాసి సంతకం పెట్టడానికి ఇంత ఉబలాటపడతామా? ధర పెంచే సత్యమే మనకు కావాలంటే, మనం వెతికేది సత్యం కాదని ఒప్పుకోక తప్పదు.

చివరకు మేము ఇచ్చిన సలహా ఇది. కాగితం రాయండి. “మా తాతగారు ఇలా చెప్పేవారు” అని రాయండి. దాని కిందనే “తుపాకీ ముందునుంచి మందు కూరేది, ముద్రలు కనబడవు” అనీ రాయండి. రెండిటి కిందా సంతకం పెట్టండి. ధర పడిపోతుంది, నిజమే. కాని ఊరికి దూరంగా పెరిగే మన పిల్లలకు ఆ ఇల్లు మిగలదు, ఆ గోడ మిగలదు. వారికి అందేది మన మాట ఒక్కటే. అందులో తాతగారు చెప్పినది ఏదో, మనం చూసినది ఏదో విడివిడిగా తెలిసేటట్లు ఉంటే, రేపు వారు ఇంకాస్త వెతికి నిజం తేల్చుకోగలరు. రెండిటినీ కలిపి మెరుగు పెడితే, దసరాకు తోమిన ముద్రలాగే అదీ అరిగిపోతుంది.