తల్లికడుపులో కరువు

దారిద్ర్యానికీ, రోగానికీ పూర్వజన్మ కర్మే కారణమనేవారితో మన పేచీ పాతదే. కర్మ స్థానంలో రక్తాన్నీ, బీజాన్నీ నిలబెట్టి, శాస్త్రం పేర అదే మాట చెప్పినవారితోనూ పేచీయే. 1942లో వాడింగ్టన్ నామకరణం చేసిన ఎపిజెనెటిక్స్ ఈ వివాదాన్ని మరో మలుపు తిప్పింది. మలుపు మనవైపే తిరిగిందని సంబరపడుతున్న మిత్రులతోనే నా మాట.

ఒక్కొక్క జీవకణంలో సుమారు 2 మీటర్ల డి.ఎన్.ఏ., కంటికి కనపడనంత చిన్న కేంద్రకంలో, హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకొని మడతలుపడి ఉంటుంది. కేంద్రకపు గోడనానుకొన్న భాగాలు చాలావరకు మౌనంగా ఉంటాయి. మిథైల్ గుర్తులు కూడా జన్యువుల నోరు మూయిస్తుంటాయి. కాలేయకణమూ, మెదడుకణమూ ఒకే గ్రంథంలో వేర్వేరు పుటలు చదవడం ఇందువల్లనే. (తెలుగు మేష్టారి ఉపమానం, శాస్త్రజ్ఞులు మన్నింతురు గాక.) ఆ గోడలోని లామిన్ చెడితే పసితనంలోనే ముసలితనం తెచ్చే ప్రొజేరియా వస్తుందని 2003లో తేలింది.

ఇక హాలండు సంగతి. 1944 సెప్టెంబరులో అక్కడి రైల్వే కార్మికులు మిత్రరాజ్యాల సేనలకు తోడ్పాటుగా సమ్మె కట్టారు. నాజీలు పశ్చిమ పట్టణాలకు ఆహారం పోనీయలేదు. ఆంక్ష సడలేసరికి కాలువలు గడ్డకట్టాయి. రోజు రేషను 1000 కేలరీలకంటె దిగిపోయింది. 1945 మేలో విముక్తి వచ్చేలోపల సుమారు 20 వేలమంది చనిపోయారు. ఆ ఆకలిలో కడుపున పడిన 60 మందిని, కరువు తగలని వారి తోబుట్టువులతో పోల్చి పరిశోధకులు 2008లో ప్రకటించారు: ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఐ.జి.ఎఫ్.2 జన్యువుపై వారికి మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నాయి.

"అయితే లైసెంకో గెలిచినట్టేనా, మాష్టారూ?" అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. గెలవలేదు. క్షీరదాల్లో ఈ గుర్తులు చాలాభాగం బీజకణాలు తయారయ్యేటప్పుడూ, పిండం తొలిదశలోనూ చెరిగిపోతాయి. లైసెంకో 1948లో నెగ్గింది రుజువుతో కాదు, అధికారంతో. అంతకు ముందే, 1943లో, వావిలోవ్ సారాటోవ్ జైలులో ప్రాణం విడిచాడు. మనకు నచ్చింది గనుక నిజమై తీరాలనుకోవడం భౌతికవాదం కాదు, భక్తి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఈ శాస్త్రం జనంలోకి వచ్చేసరికి తల్లికి చెప్పే సుద్దులైపోతున్నది: ఏం తిన్నావు, ఎందుకు దిగులుపడ్డావు అని. ఆహారాన్ని ఆపింది ఆమ్‌స్టర్‌డామ్ తల్లులా? కూలిరేటునూ, రేషనునూ వదిలి గర్భిణి విస్తరిని తనిఖీ చేయడం ఏ న్యాయం? మనవాళ్ళూ తక్కువ తినలేదు. "ఆకలి జన్యువులకెక్కింది" అని ఆవేశపడితే, పేదవాడి బిడ్డ పుట్టుకతోనే చెడిపోయాడని ఒప్పుకున్నట్టే గదా! ఆ 60 మందిలో కనిపించింది సగటున చిన్న తేడా. ఎవరి నుదుటి రాతా కాదు.

పైగా, గర్భం చివరి నెలల్లో కరువు తగిలినవారిలో ఆ తేడా కనిపించనేలేదు. వారి తల్లులు మోసినదీ ఆ చలికాలపు ఆకలినే. ఆ శిశువులు తక్కువ బరువుతో పుట్టారు.