నూటికి నూరు – ఎవరి లెక్క?



పదవ తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు మన ఊళ్ళ కూడళ్ళలో, బడి గోడల మీద ఒకే రకం బోర్డులు వెలుస్తాయి. "నూటికి నూరు శాతం ఉత్తీర్ణత" అని పెద్ద అక్షరాలతో రాసి, కింద పది పన్నెండుమంది పిల్లల ఫొటోలు వేస్తారు. మేత్రాసన పాఠశాలలు, కన్యస్త్రీల పాఠశాలలు కూడా ఈ ఆనవాయితీకి దూరంగా లేవు. ఆ బోర్డు చూసి మనం సంతోషిస్తాం, కృతజ్ఞతాపూజ కూడా పెట్టించుకుంటాం. సంతోషించడంలో తప్పు లేదు. కాని ఆ నూరు ఎలా వచ్చింది అనే ప్రశ్నను మాత్రం మనం సాధారణంగా అడగం.

లూకా సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన కాపరికి కూడా నూరు అనే లెక్క ముఖ్యమే. అతనికి నూరు గొర్రెలున్నాయి. ఒకటి తప్పిపోయింది. అతడు వెళ్ళి, వెదికి, భుజాల మీద మోసుకొచ్చి తన నూరును పూర్తి చేసుకున్నాడు. అదే లెక్కను మరో విధంగా కూడా పూర్తి చేయవచ్చు. తప్పిపోయిన గొర్రెను లెక్కలోంచి కొట్టివేస్తే మంద తొంభైతొమ్మిదే అవుతుంది. తొంభైతొమ్మిదికి తొంభైతొమ్మిదీ దొడ్లోనే ఉన్నాయి గనుక అదీ నూటికి నూరు శాతమే! అంకెల ప్రకారం రెండు లెక్కలూ సరైనవే. మన బడుల్లో జరుగుతున్నది వీటిలో ఏ లెక్క? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ఈ మాట ఇతరులను వేలెత్తి చూపడానికి రాయడం లేదు. నేను ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయునిగా ఉన్న రోజుల్లో తొమ్మిదవ తరగతి తప్పిన ఒక పిల్లవాడి తల్లిని పిలిపించి, "వీడు పదవ తరగతి గట్టెక్కలేడమ్మా. టి.సి. ఇస్తాను, వేరే బడిలో చేర్పించుకో, లేదా ప్రైవేటుగా పరీక్ష కట్టించు" అని చెప్పాను. ఆమె కూలికి పోయే మనిషి. కాసేపు ఊరుకొని, "మేస్టారూ, చదువు రావడం లేదనే గదా బడికి పంపింది. రావడం లేదని బడే పంపిస్తే వాణ్ణి ఎక్కడికి తీసుకుపోయేది?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా సంతకం పెట్టాను. ఆమె వేలిముద్ర వేసి కాగితం తీసుకొని వెళ్ళింది. ఆ మరుసటి ఏడు మా ఫలితం నూటికి నూరు. ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళింది. ఆ పిల్లవాడు ఏమయ్యాడో నాకు తెలియదు. ఆ బోర్డును వేలాడదీసిన మేకు మాత్రం ఇప్పటికీ నా మనస్సులో దిగబడే ఉంది.

ఆ పిల్లవాడికి తెలివి లేదా? ఉంది. వాడికి మూడవ తరగతిలో రావలసిన తీసివేత రాలేదు. నాలుగవ తరగతిలో భాగహారం అర్థం కాలేదు. ఒత్తులున్న మాట ఎదురైతే చదవడం ఆపేసేవాడు. అయినా ప్రతి ఏడూ వాడిని పై తరగతికి పంపుతూ వచ్చాం. తొమ్మిదవ తరగతిలో బీజగణితం ముందు కూర్చోబెట్టి, రాదని నిందించాం. పునాది వేయకుండా గోడలు లేపి, పైకప్పు వేసే రోజున ఇల్లు నిలవలేదని ఇంటినే తిట్టినట్లయింది మా పని.

వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టాలని అనగానే కొన్ని అభ్యంతరాలు వినబడతాయి. అవి కొట్టిపారేయదగినవి కావు గనుక ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: "అందరూ ఒకే ఫీజు కడుతున్నారు. కొందరికే ఎక్కువ సమయం ఇవ్వడం న్యాయమా?" మన మిషను ఆసుపత్రిలో డాక్టరు గారు రోగులందరికీ తలా అయిదు నిమిషాలు పంచి ఇస్తే దానిని న్యాయమంటామా? అవసరాన్ని బట్టి ఇవ్వడమే అక్కడ న్యాయం. బాగా చదివే పిల్లలకు ఇందువల్ల నష్టం జరుగుతుందన్న భయానికి కూడా అనుభవంలో ఆధారం కనబడలేదు. ముంబయి, వడోదర నగరాల్లో ప్రథమ్ అనే సంస్థ 'బాల్‌సఖి' పేరుతో ఒక పథకం నడిపింది. ఆ వాడల్లోనే ఉండే, హైస్కూలు చదువు పూర్తిచేసిన యువతులు, వెనుకబడిన మూడు, నాలుగు తరగతుల పిల్లలను పదిహేను ఇరవైమందిని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదువు చెప్పారు. 2001 మొదలు 2003 వరకు ఆర్థికవేత్తలు దానిని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. విడిగా చదువుకున్న పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. తరగతిలో ఉండిపోయిన వారికి నష్టం కలిగినట్లు కనబడలేదు. ఆ పరిశీలకుల్లోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

రెండవది: "ప్రభువే తలాంతుల ఉపమానం చెప్పాడు గదా! ఉన్నవాడికే ఇంకా ఇవ్వబడుతుంది గదా!" మత్తయి సువార్త 25వ అధ్యాయాన్ని మళ్ళీ చదవండి. యజమాని కోపం తక్కువ తలాంతులున్న వాని మీద కాదు, ఉన్న తలాంతును మట్టిలో పాతిపెట్టిన వాని మీద. ఒక బిడ్డను చివరి బల్ల మీద కూర్చోబెట్టి, ఏడాది పొడవునా ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వదిలేస్తే, ఆ తలాంతును పాతిపెట్టింది ఆ బిడ్డా, మనమా? లెక్క చెప్పవలసిన రోజున యజమాని ఎవరిని పిలుస్తాడు?

మూడవది: "రానివాడిని అదే తరగతిలో ఉంచాలా, పై తరగతికి పంపాలా?" దీని మీద చాలా వాదాలు జరిగాయి. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదవ తరగతి ముగిసేవరకు ఏ బిడ్డనూ అదే తరగతిలో ఆపరాదని, బడి నుండి పంపివేయరాదని చెప్పింది. 2019లో చేసిన సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పిన వారిని ఆపే వీలు ప్రభుత్వాలకు కలిగింది. అయితే ముందుగా అదనపు బోధన చెప్పి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టాలి. పంపివేయడం మాత్రం అప్పుడూ నిషిద్ధమే. నా మట్టుకు నాకు తోచినది ఇది: నేర్పకుండా పై తరగతికి పంపితే అది దయ కాదు, అబద్ధం. నేర్పకుండా అదే తరగతిలో ఆపితే అది క్రమశిక్షణ కాదు, శిక్ష. రెండింటిలోనూ నేర్పడం అనే పని తప్పించుకున్నది మనమే.

చట్టం మాట వచ్చింది గనుక ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. అదే చట్టం 24వ సెక్షన్, ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని ఉపాధ్యాయుడు అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన ఇవ్వాలని విధించింది. అయితే 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. రాజ్యాంగం 30వ అధికరణం మనకిచ్చిన హక్కు విలువైనది, దానిని కాపాడుకోవలసిందే. కాని ఆ హక్కు దేనికోసం? బలహీనులను బయటికి పంపే స్వేచ్ఛ కోసమా? చట్టం మనల్ని మినహాయించి ఉండవచ్చు, సువిశేషం మినహాయించలేదు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ ప్రకటించిన క్రైస్తవ విద్యా పత్రం, లోకసంపదలో పేదలైన వారిపైన, కుటుంబ ఆదరణ కరువైన వారిపైన శ్రీసభ ప్రత్యేక శ్రద్ధ చూపాలని కోరింది. ఇతర బడులకు చట్టం భయంతో చేయవలసిన పనిని మనం ప్రేమతో చేయలేకపోతే, మన బడి మీద సిలువ ఎందుకు?

మన పునీతులను తలచుకుందాం. విచారణ గురువులందరికీ పాలకుడైన పునీత జాన్ మరియ వియాన్ని ఫ్రాన్సు దేశంలో ఒక రైతు బిడ్డ. ఇరవై ఏళ్ళ వయస్సులో లాటిను మొదలుపెట్టాడు. ఎంత చదివినా తలకెక్కేది కాదు. పక్కన కూర్చొని పాఠం చెప్పే చిన్న కుర్రవాడు మతియాస్ లోరాస్ ఒకనాడు విసుగెత్తి ఆయనను కొట్టాడనీ, వయస్సులో పెద్దవాడైన వియాన్ని మోకరిల్లి ఆ పిల్లవాణ్ణే క్షమించమని అడిగాడనీ చరిత్రకారులు చెబుతారు. 1813లో లియాన్ గురువిద్యాలయం ఆయనను చదువు రాదని ఇంటికి పంపింది. అక్కడితో కథ ముగియవలసింది. కాని విచారణ గురువు బాలే గారు వదలలేదు. తన ఇంట్లోనే కూర్చోబెట్టుకొని, లాటినులో ఎక్కనిది సొంత భాషలో చెప్పి, మళ్ళీ పరీక్షకు సిద్ధం చేశారు. 1815 ఆగస్టులో వియాన్ని గురువయ్యాడు. తరువాత ఆర్స్ గ్రామంలో ఆయన పాపసంకీర్తన పీఠం ముందు దేశదేశాల జనం బారులు తీరారు. బాలే గారు కూడా నాలాగే టి.సి. మీద సంతకం పెట్టి ఉంటే?

ఉపాధ్యాయుల పాలకుడు పునీత జాన్ బాప్టిస్ట్ ద లాసాల్ మూడు శతాబ్దాల క్రితమే పేద పిల్లలకు లాటినుతో కాక సొంత భాషతో చదువు మొదలుపెట్టాడు; ఒక్కొక్క పాఠంలో పిల్లలను వారి స్థాయిని బట్టి కూర్చోబెట్టాడు. మన రాష్ట్రంలోనూ ఇటువంటి అనుభవం ఉంది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్, పనుల నుండి విడిపించిన పిల్లలను శిబిరాల్లో చదివించి, వయస్సుకు తగిన తరగతుల్లో చేర్పించింది. బడి ముఖం చూడని పిల్లలనే అలా నిలబెట్టగలిగినప్పుడు, రోజూ మన ముందు కూర్చునే బిడ్డను నిలబెట్టలేమా?

మరి ఎలా చేయాలి? నా తప్పుల నుండి నేర్చుకున్న కొన్ని సంగతులు చెబుతాను.

జూన్ నెలలోనే మొదలుపెట్టాలి, జనవరిలో కాదు. పరీక్షల ముందు పెట్టే తరగతి మార్కుల కోసం; బడి తెరవగానే పెట్టే తరగతి బిడ్డ కోసం. మార్కుల జాబితా చూసి పిల్లలను ఎంచవద్దు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని ఒక పేరా చదివించండి, ఒక తీసివేత, ఒక భాగహారం చేయించండి. బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో పది నిమిషాల్లో తెలుస్తుంది. అంతకంటే ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. నల్లబల్ల కనబడని బిడ్డను మొద్దు అన్న పాపం మనలో చాలామందికి ఉంది.

పిల్లలను తరగతిని బట్టి కాక, ఆగిపోయిన చోటును బట్టి చిన్న బృందాలుగా చేయండి. ఈ పనిని కొత్తగా చేరిన, తక్కువ జీతం ఉన్న టీచరు మీదికి నెట్టవద్దు. మీ బడిలో అందరికంటే ఓపికగా చెప్పగలిగిన వారికి అప్పగించి, వారి మిగతా పీరియడ్లు తగ్గించండి. ఆటల పీరియడు లాక్కోవద్దు. చదువులో ఓడిన బిడ్డకు ఆ మైదానం ఒక్కటే గెలిచే చోటు కావచ్చు. సాయంత్రం పెట్టవలసి వస్తే పిడికెడు ఉడికించిన శనగలైనా పెట్టండి, ఆడపిల్లలు వెలుతురు ఉండగానే ఇల్లు చేరేలా చూడండి. విచారణలో ఇంటర్మీడియట్ చదివే యువతీయువకులున్నారు, రిటైరైన టీచర్లున్నారు, అడిగితే కాదనరు.

ఆ తరగతికి "డల్ సెక్షన్" అన్న పేరు ఎవరి నోటా రానీయవద్దు. మొద్దు అని పేరు పెట్టించుకున్న బిడ్డ ఆ పేరునే నిజం చేసుకుంటుంది. నేర్చుకోగానే తిరిగి తన తరగతికి వెళ్ళే దారి తెరిచి ఉంచండి. బిడ్డను పక్కవాడితో పోల్చవద్దు, జూన్‌లో తాను ఉన్న చోటుతో పోల్చండి. జూన్‌లో అక్షరాలు కూడబలుక్కున్న బిడ్డ డిసెంబరులో ఒక కథ చదివితే, మార్కులు ఇంకా ఇరవై దాటకపోయినా సరే, పరలోకంలో పండుగ చేసుకోదగిన సంగతి అది.

ఇంత చేసినా కొందరు పరీక్ష తప్పవచ్చు. అప్పుడు మన బోర్డు మీద తొంభైయారో, తొంభైఏడో పడుతుంది. ఎదుటి బడివాళ్ళు నవ్వవచ్చు, వచ్చే ఏడు అడ్మిషన్లు కొన్ని తగ్గవచ్చు. ఇది ఉత్తుత్తి త్యాగం కాదు. జీతాలు ఇవ్వవలసిన కరస్పాండెంటు గారికి ఆ బరువు తెలుసు. అందుకే ఈ మాట బడి పెద్దలకే కాదు, తల్లిదండ్రులైన మీకూ చెబుతున్నాను. బడి ఎంచుకునేటప్పుడు "ఎంత శాతం?" అని అడుగుతారు గదా, దానితోపాటు "తొమ్మిదవ తరగతిలో ఎంతమంది ఉన్నారు, వారిలో పదవ తరగతి పరీక్ష ఎంతమంది రాశారు?" అని కూడా అడగండి. మీరు అడగడం మొదలుపెడితే మన బడుల లెక్క మారుతుంది.

ఈ ఆదివారం దివ్యపూజకు వచ్చినప్పుడు మీ వీధిలో చదువు ఆపేసిన ఒక బిడ్డ పేరు తలచుకోండి. ప్రార్థించి ఊరుకోక, ఆ ఇంటి తలుపు తట్టండి. కాపరి కూడా దొడ్లో కూర్చొని ప్రార్థించలేదు, లేచి వెదకడానికి వెళ్ళాడు. నేను సంతకం పెట్టిన ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోలేను. మీ చేతిలో ఉన్న కాగితం మీద ఇంకా సంతకం పడలేదు.