బొటనవ్రేలి మెప్పు – శరణుల మాట



స్తుతినిందలు రెండును లోకమున అనాదిగా నున్నవి. అయితే పూర్వము మెచ్చుటకైనను తెగడుటకైనను నోరు తెరచి మాటాడవలసియుండెను; మాటాడినవాడు ఆ మాటకు బాధ్యుడై యుండెను. నేడు ఆ పని బొటనవ్రేలి గుర్తునకు అప్పగింపబడినది. ఫేస్‌బుక్కున ‘లైకు’ గుర్తు 2009 ఫిబ్రవరిలో వచ్చినది. యూట్యూబువారు 2010లో ఐదు నక్షత్రముల లెక్కను విడిచి, పైకెత్తిన వ్రేలును, క్రిందికి దించిన వ్రేలును పెట్టిరి. ఫేస్‌బుక్కువారు 2016లో నవ్వు, కోపము, దుఃఖము మొదలగు గుర్తులను చేర్చిరి. ఇప్పుడు వృద్ధులు మొదలు బడిపిల్లలవరకు ఈ గుర్తులతోనే ఒకరినొకరు తూచుచున్నారు.

నా తప్పొకటి మీ యెదుట విన్నవించుకొందును. మా బడిలో చదువు బాలిక యొకతె బసవజయంతినాడు పాడిన పాటను ఆమె అన్న ఫేస్‌బుక్కున నుంచెను. నేను పాట వినలేదు. మన పిల్లయే గదా యని లైకు నొక్కి ఫోను మూసితిని. మరునాడు ఆ బిడ్డ నా యొద్దకు వచ్చి, “సార్, మీరు లైకు కొట్టారు గదా! ఏ చరణం బాగుంది?” అని అడిగెను. నేను తడబడితిని. ఆమె మెల్లగా, “ఇద్దరు నవ్వు గుర్తు పెట్టారు సార్. ఎక్కడ తప్పు పాడానో చెప్పండి” అనెను. దానికిని నా యొద్ద ఉత్తరువు లేదు.

అప్పుడు నాకు తెలిసినది: ఎగతాళి చేసినవారును, వినక మెచ్చిన నేనును ఒక్క తప్పే చేసితిమి. ఆమెకు కావలసిన ఒక్క మాటను మాలో నెవ్వరును ఈయలేదు. వినకయే మెచ్చుట ప్రేమ వేషము వేసిన అసత్యమే గదా!

2021 నవంబరులో యూట్యూబువారు డిస్‌లైకుల సంఖ్య చూపరులకు కనబడకుండ జేసిరి. కొందరు గుంపుగట్టి ఒకరిని వేధించుటకై ఆ సంఖ్యను పెంచుచున్నారని వారు చెప్పిన కారణము. గుర్తు మాత్రము నిలిచియున్నది. లెక్క వీడియో పెట్టినవారికే తెలియును. మోసపు వీడియోను గుర్తించు ఆధారము పోయినదని మరికొందరు వగచిరి. ఇరువురి మాటలోను నిజము కలదు. సంఖ్యను దాచినను చూపినను, ‘ఎందుకు?’ అను ప్రశ్నకు అది సమాధానము కాజాలదు.

12వ శతాబ్దమున కల్యాణమందలి అనుభవమంటపమును తలంపుడు. అక్కమహాదేవి అచ్చటికి వచ్చినప్పుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఆ ప్రశ్న ముఖాముఖి వచ్చినది; ఆమె ప్రత్యుత్తరమునకు తావిచ్చినది; తుదకు గౌరవముగా పరిణమించినది. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తేగా, ఆయన పత్ని లక్కమ్మ అది ఆశయని చెప్పి, మిక్కిలి బియ్యమును తిరిగి యచ్చటనే పోసి రమ్మనెను. ఇదియు అసమ్మతియే. కాని అందు కారణము కలదు, దిద్దుకొను మార్గము కలదు, ప్రేమ కలదు. కావుననే మారయ్య ఖిన్నుడు కాక ధన్యుడయ్యెను.

లైకు నొక్కుట పాపమని నేననుట లేదు. చదివి, విని, మనసారా నొక్కుడు. వీలైనచో దానితో ఒక వాక్యము వ్రాయుడు. తప్పు కనబడినచో నలుగురిలో గుర్తు పెట్టక, ఆ మనిషికే వేరుగా చెప్పుడు. చెప్పుటకు కారణము దొరకనిచో వ్రేలును ఆపుడు. మీ పనికి ఎన్ని లైకులు వచ్చినవని లెక్కించుకొనకుడు. కాయకము విలువ కాయకమందే యున్నది. ఇష్టలింగమును నిలిపి పూజించు కరస్థలమే నేడు ఫోనును పట్టుచున్నది. ఆ చేయి అసత్యమునకు గుర్తు వేయరాదు.

ఆ సాయంకాలము నేను పాటను మొదటినుండి తుదివరకు రెండుమార్లు వింటిని. రెండవ చరణము హాయిగా నున్నదనియు, చివరి చరణమున ఊపిరి చాలక ఒక మాట విరిగినదనియు మరునాడు ఆమెకు చెప్పితిని. ఆ బిడ్డ అచ్చటనే నిలిచి ఆ చరణమును మరల పాడెను. ఈసారి మాట విరుగలేదు.